పోను నలభై, రాను సున్నా

“జమున ఎన్నింటికి వచ్చింది?”

“రెండున్నరకు.”

“పోయిందెన్నింటికి?”

“మూడింటికి మేడం. గోడ మీది గడియారం సూశిన, గందుకే యాదికుంది.”

సంపత్ జవాబులు చెప్పే తీరు మమతారాణికి నచ్చింది. అడిగినదానికి అడిగినంతే. అబద్ధానికి కొత్తవాళ్లు ఎక్కువ మాట్లాడతారు. ఇతను నిజం చెబుతున్నాడో, పాతకాపో ఇంకా తేలలేదు.

పదకొండు రోజుల కింద, మంగళవారం సాయంత్రం ఇంటికి చేరాల్సిన జమున చేరలేదు. ఇరవై మూడేళ్ల పిల్ల. మర్నాడు పొద్దున సుల్తానాబాద్ శివారులో ఒక వ్యవసాయ బావిలో తేలింది. ఆమె పేరు మీద నాలుగు చోట్ల కలిపి ఆరు లక్షల ఇరవై వేల అప్పు. వాటికి హామీగా తల్లి వేలిముద్ర. అప్పుకు జతగా బీమా. బీమా తీసుకున్న ఏడాదిలోపు మనిషి తనంతట తాను చస్తే కంపెనీ ఒక్క రూపాయి ఇవ్వదు, అప్పు తల్లి నెత్తిన పడుతుంది. అలా కాక ఎవరైనా చంపి ఉంటే కంపెనీయే మొత్తం కట్టాలి. జమున బీమాకు ఎనిమిది నెలలు.

ఆ రెంటిలో ఏదో తేల్చడానికి కంపెనీ పంపిన మనిషి మమతారాణి. ముప్పై ఆరేళ్లు, సొంతూరు భైంసా, మాట మెత్తన. ఆత్మహత్య అని రాసి క్లెయిము తప్పిస్తే ఆమెకు పన్నెండు వేలు. తప్పించలేకపోతే నాలుగు.

సంపత్‌కు ఇరవై ఎనిమిదేళ్లు. అప్పుల్లో పడ్డ పిల్లలకు ఖర్చు అదుపు చేసుకోవడం నేర్పుతాడు. కరీంనగర్‌లో రెండు గదుల ఆఫీసు, నెలకు ఐదు వందల ఫీజు. అతని వెనక గోడ మీద పెద్ద అక్షరాలతో “రాసినంకనే మూత తియ్యాలె” అని రాసి ఉంది.

“గదేంది?” అని అడిగింది.

“మా క్లాసుల మొదటి పాఠం మేడం. ఇంట్ల ఉన్న పైసలన్ని ఒక డబ్బల ఏస్తరు. ఎందుకు తీస్తున్నరో ముందుగాల బుక్కుల రాస్తరు. రాసినంకనే మూత తీస్తరు. ఖర్సు పెట్టినంక రాస్తె అది ఏడుపు మేడం. పెట్టకముందు రాస్తెనే లెక్క.”

“జమున గట్లనే రాసేదా?”

“అగ్గిపెట్టె కొన్నా రాసేది. అసొంటి పిల్ల నా క్లాసుల ఇంకొకతి లేదు. గందుకే ఆఫీసు పనికి పెట్టుకున్న.”

“అగ్గిపెట్టె రాసే పిల్లకు ఆరు లక్షల అప్పెట్లయింది సంపత్?”

అతను కళ్లు దించుకున్నాడు. ఎంతసేపు దించాలో అంతసేపే. “ఫోను కొన్న పద్దెనిమిది వేలతోని మొదలైంది మేడం. గా అప్పు కట్టెతందుకు ఒక లోన్ల యాపు, ఆ యాపుకు ఇంకో యాపు. నేను చెప్పిన. మస్తు చెప్పిన. లెక్క నేర్పుతం గాని, మనసుల ఉన్న ఆశకు మూత పెట్టలేం గదా.”

చనిపోయిన పిల్ల మీద ఇంత చక్కగా మాట తిప్పగలవాణ్ని ఆమె ఈ మధ్య చూడలేదు.

“ఆమె ఒరిజినల్ ఆధార్ నీ దగ్గరుండె అని చెల్లె నవీన ఫోన్ల చెప్పింది.”

“జమునదొక్కటే గాదు, నవీనది గూడ నా దగ్గరనే ఉంది. ఆమె గూడ క్లాసుకు వస్తది. ముప్పై నలుగురు పిల్లలయి ఉన్నయ్ మేడం. ఆధార్, ఏటీఎం కార్డు, రెండూ ఆరు నెలలు నా బీరువల పెట్టాలె. చేతిల లేకుంటె కొత్త అప్పు ఆలోచన రాదు.”

“బీరువ తాళంచెయ్యి?”

“నా దగ్గరనే.”

“జమునది వాపస్ ఇచ్చినవా?”

“మంగళవారమే. అడిగింది, ఇచ్చిన.” అతను రిజిస్టరు తెరిచి ఆమె ముందుకు తిప్పాడు. ‘ఒరిజినల్ ఆధార్ ముట్టింది’ అని అతని రాత. పక్కన మూడు గంటలని టైము. దాని కింద జమున సంతకం. మమతారాణి ఫోటో తీసుకుంది. కేసు కాగితాల్లోని సంతకాలు ఆమె చూసి ఉంది. ఇది ఆ పిల్ల చేతిదే.

ఇక ఆమె తన పాత పద్ధతిలో ఒక రాయి వేసింది.

“నువ్వేం పరేషాన్ గాకు సంపత్. అప్పు బాధకే సచ్చిందని రాయడానికి నాకొక ఆధారం కావాలె. జమున బుక్కును నవీన మొత్తం చదివిందట. ఎవరి పేరు మీద ఎవరు ఏం తీస్కున్నరో అంతా యాదికుందట. పొద్దూకినంక నాకు చెప్తనన్నది.”

నవీన అలాంటిదేమీ అనలేదు. నిన్న ఫోనులో మాట్లాడింది రెండు ముక్కలే. ఇలా లేనివి చెప్పి ఎదుటివాడి చేతులు చూడటం మమతారాణికి పదకొండేళ్ల అలవాటు.

సంపత్ పెన్ను మూత పెడుతున్నాడు. మూత సగంలో ఆగింది. తర్వాత మెల్లగా దిగింది.

“ఒక్క నిమిషం మేడం. స్టూడెంటు ఫోన్ చేస్తున్నడు,” అని లేచి మెట్ల మీదికి వెళ్లాడు.

ఫోను మోగలేదు. వణకను కూడా లేదు. టైము పదకొండూ ఇరవై ఐదు. తిరిగొచ్చేసరికి పదకొండూ ఇరవై తొమ్మిది. రాయి ఎక్కడో తగిలిందని మమతారాణి లోలోపల సంతోషించింది. తగిలింది ఎవరికో ఆమె అప్పుడే ఆలోచించి ఉండాల్సింది.

*

పన్నెండు పదికి సుల్తానాబాద్ బస్సు దొరికింది. కండక్టరు రాగానే అలవాటుగా ఆధార్ చూపించింది. అతను మిషన్‌లోంచి సున్నా రూపాయల టికెట్టు తీసి ఇచ్చాడు. ముందు సీట్లో ఒక పెద్దమ్మ ఫోను ముందుకు చాపి గొడవ పడుతోంది.

“గిండ్ల ఉంది గద నాయినా, సూడు! నా మొకమే గద!”

“ఫోన్ల ఫోటో నడువది పెద్దమ్మా. ఒరిజినల్ చూపెడితెనే ఫ్రీ. లేకుంటె నలభై తియ్.”

పెద్దమ్మ అతని వంశాన్నంతా తిట్టుకుంటూ కొంగుముడి విప్పింది. ఎదురుగా కరీంనగర్ పోయే బస్సు హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది. మమతారాణి ఫైలులో తల దూర్చుకుని ఉంది.

బావి దగ్గరికి ఆటోలో చేరేసరికి ఒంటిగంటయింది. ఎస్సై రాంచందర్ జీపుకు ఆనుకుని ఉన్నాడు. పక్కన కానిస్టేబుల్ వనజ. ఒడ్డున బావి ఆసామి బాలమల్లు.

“మంగళారం ఆరింటిదాంక మోటరు నడిచింది అవ్వా,” బాలమల్లు మొదలుపెట్టాడు. “కరెంటు పోయినంక ఇంటికి పోయిన. తెల్లారి ఏడింటికి వస్తె చెప్పులు గీడ ఉన్నయ్, జోడిచ్చి పెట్టినట్టు. సంచి గా స్టార్టరు డబ్బకు తగిలిచ్చి ఉంది. వంగి సూస్తె ఎంటికెలు కనవడ్డయ్. నాకు గప్పటి సంది బువ్వ లోపటికి పోతలేదు.”

“సంచి తడిసిందా?”

“లేదు. పొడిగనే ఉండె.”

మమతారాణి స్టార్టరు డబ్బా దగ్గర నిలబడి చూసింది. డబ్బా ఎత్తుగా ఉంది. ఐదడుగుల జమున దానికి సంచి తగిలించాలంటే మునివేళ్ల మీద లేవాలి. చావబోతూ అంత శ్రమ ఎవరు పడతారు? కింద ఒడ్డు మీద పెట్టొచ్చు కదా. కానీ ఇది అనుమానమే. అనుమానంతో ఎస్సైని కదిలించలేం.

“సూసుడైందా మేడం?” రాంచందర్ అడిగాడు. “చెప్పులు ఇడ్సింది, సంచి తగిలిచ్చింది, దిగింది. సచ్చేటోళ్లే గంత పద్ధతిగ పెడ్తరు. పోస్టుమార్టంల నీళ్లు మింగి సచ్చిందన్నరు. ఒంటి మీద దెబ్బ లేదు. ఫోన్ల యాపులోళ్ల బెదిరింపులు నూటా పదకొండు. ఫోను ఆరూ నలభైకి బందయింది. ఇంకేం కావాలె?”

“వెనకనుంచి నెట్టితె దెబ్బ తగలదు సార్. సంచిల ఉన్నయి రాసిన లిస్టు చూపెడుతరా?”

అతను విసుగ్గా కాగితం ఇచ్చాడు. ఐదే వరుసలు. ఫోను ఒకటి. ఆధార్ కార్డు, ఒరిజినల్, ఒకటి. బస్సు టికెట్లు రెండు. పది రూపాయల నోటు ఒకటి. దువ్వెన ఒకటి.

మమతారాణి ఒకసారి చదివింది. రెండోసారి చదువుతూ మధ్యలో ఆగిపోయింది. ఫైలులోంచి తన సున్నా టికెట్టు తీసి ఆ కాగితం పక్కన పెట్టుకుంది.

“వనజా, ఆ టికెట్ల ఫోటోలు నీ దగ్గర ఉన్నయా? టైములు చదువు.”

వనజ ఎస్సై ముఖం చూసి, ఫోను తీసింది. “మొదటిది సుల్తానాబాద్ టు కరీంనగర్, ఒంటిగంటా ఇరవై, నలభై రూపాయలు. రెండోది కరీంనగర్ టు సుల్తానాబాద్, నాలుగూ పన్నెండు, నలభై రూపాయలు.”

“ఎస్సై గారూ, మీరు బస్సెక్కి ఎన్నేండ్లయింది?”

“ఏందది?”

“మీ ఇంట్ల ఆడోళ్లు బస్సెక్కి ఎన్నేండ్లయింది?”

రాంచందర్ జీపు మీంచి వీపు తీశాడు. “మేడం, మాట జర సూసి మాట్లాడు.”

వనజ నేల చూస్తూ మెల్లగా అంది, “సార్... ఒరిజినల్ కార్డుంటె ఆడోళ్లకు సున్నా టికెట్టే సార్. పైసలు తీస్కోరు.”

బాలమల్లు “అవును గద!” అని నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

“అగ్గిపెట్టె కొన్నా బుక్కుల రాసే పిల్ల,” మమతారాణి గొంతు పెంచకుండా చెప్పుకుపోయింది. “ఊరికే వచ్చే టికెట్టుకు నలభై పెట్టింది. ఎందుకు? చేతిల కార్డు లేదు గనుక. పోయేటప్పుడు లేదంటే సరే, సంపత్ బీరువల ఉంది. కాని మూడింటికి వాపస్ ఇచ్చినని సంపత్ రిజిస్టరు చూపెట్టిండు. మూడింటికి కార్డు ముట్టినామె నాలుగూ పన్నెండుకు మళ్ల నలభై ఎందుకు కట్టింది?”

“సంచిల అడుగున పడి దొరకలేదేమో.”

“గా సంచిల ఉన్నయే ఐదారు వస్తువులు సార్.”

మమతారాణి అక్కడితో ఆగలేదు.

“నాలుగూ పన్నెండుకు ఆమె దగ్గర కార్డు లేదు. తెల్లారి ఏడింటికి సంచిల కార్డుంది. నడుమ ముప్పై కిలోమీటర్లు. కార్డు నడిచి రాలే, ఎవరో తెచ్చిండ్రు. తెచ్చినోడు కార్ల తిరిగేటోడు. వాని కంటికి టికెట్టు చెత్తకాగితం, గందుకే తీసెయ్యలే. మీ కంటికి గూడ గంతే. రెండూ పక్కపక్కన రాసి కింద సంతకం పెట్టిండ్రు.”

ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. రాంచందర్ ముఖం గట్టిపడింది.

“ఓ భైంసా మేడం. ఆత్మహత్య అంటె నీకు పన్నెండు వేలు, గాదంటె నాలుగు. నాకెరుక లేదనుకున్నవా? ఎనిమిది వేలు పోగొట్టుకోని నాకు పోలీసు పని నేర్పుతవా?” అంటూనే ఫోను తీసి ఎవరికో కలిపాడు. “నమస్తే సార్. మీరు పంపిన మేడం మా కేసుల ఏలు పెడ్తుంది. జర సూసుకోండ్రి.”

రెండు నిమిషాల్లో మమతారాణి ఫోను మోగింది. కంపెనీ పెద్దసారు. సాయంత్రానికి ఆత్మహత్య అని రిపోర్టు రావాలి, లేదంటే ఇదే నీ ఆఖరి ఫైలు అన్నాడు. ఆమె “సరే సార్, విన్న సార్” అంటుండగా వనజ పక్కకు వచ్చి, ఎస్సైకి వీపు పెట్టి, ఆమె ఎడమ చెయ్యి పట్టుకుని అరచేతిలో బాల్‌పెన్నుతో ఏదో రాసింది. తన ఫోను నంబరు.

“మాట్లాడిండా మీ సారు?” రాంచందర్ నవ్వుతున్నాడు.

“మాట్లాడిండు.”

“మరి?”

“జమున బుక్కు చూసి చెప్త.”

నవ్వు ఆగింది. అతను మూర్ఖుడు కాడు, అదే అతని బాధ. తన సంతకం ఉన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో తోసుకున్నాడు. “ఆరింటిదాంక టైము. బుక్కుల గట్టి ముక్క దొరికితె తే. లేకుంటె ఈ దిక్కు మళ్ల రాకు.”

*

బుచ్చవ్వ ఇంట్లోకి అడుగుపెట్టేసరికి రెండుంబావు. ఆమె గోడకు ఆనుకుని, ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. కూతురు పోయిన పన్నెండో నాడు అది. ఆకు, తంబాకు, దారం. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. గోడకు టీవీ ఉన్నచోట నాలుగు మేకులు మిగిలాయి.

“పొద్దుగాల్ల ఇద్దరచ్చిండ్రు,” బుచ్చవ్వ చూపు ఎత్తకుండా చెప్పింది. “టీవీ ఇప్పుకపోయిండ్రు. బిడ్డ సస్తె అప్పు సస్తదా అన్నరు. ఇప్పేదాంక నాతోనే చాయ్ పెట్టిచ్చుకోని తాగిండ్రు. చక్కెర తక్కువైందని మళ్ల ఏయిచ్చుకున్నరు.”

“నీ మొగడికి చెప్పినవా అవ్వా?”

“ఆయన భీమండిల సాంచాలు నడుపుతడు. బట్ట నేసినన్ని మీటర్లకు పైసలు. సావుకచ్చి మూడొద్దులున్నడు, పోయిండు. ఉంటె తినుడెట్ల?”

మమతారాణి చాప మీద కూర్చుంది. అడగాల్సినవి వరుసగా అడిగింది. మంగళవారం జమున ఇంట్లోంచి కదిలింది ఒంటిగంటకు. అవ్వ మందుల కోసమని డబ్బాలోంచి యాభై తీసుకుంది. నలభై పెట్టి తిరుగు టికెట్టు కొంటే మిగిలేది పది. సంచిలో దొరికిన నోటు అదే.

“మళ్ల ఫోనేమన్న చేసిందా?”

“అయిదింటికి చేసింది. బస్సు దిగిన, కార్డు తెచ్చిస్తరట, తీస్కోని వస్త అన్నది. ఏం కార్డో నాకేం ఎరుక.”

“ఈ ముచ్చట ఎస్సైకి చెప్పినవా?”

“ఆయన అడుగలే.”

అంత చిన్న మాట. పదకొండు రోజులుగా ఈ గదిలో, ఈ చాట పక్కన పడి ఉంది. వంగి తీసుకున్నవాళ్లు లేరు.

బుచ్చవ్వ మొదటిసారి తలెత్తింది. “ఒక్కటి చెప్పు బిడ్డా. వాడకట్టోళ్లందరు అంటున్నరు. అప్పులు జేశి తల్లిని ముంచి సచ్చిందంటున్నరు. నా జమున నన్ను గిట్ల ఇడ్సిపెట్టి దూకిందా?”

ఈ పనిలో మమతారాణి ఏ ఇంట్లోనూ ఏ మాటా ఇచ్చి ఎరగదు. పన్నెండు వేలకైనా, నాలుగు వేలకైనా. ఇవాళ నోరు ఆగలేదు.

“దూకలే అవ్వా. ఎవలో నూకిండ్రు.”

బీడీ చుట్టే చేతులు ఆగాయి. ఆమె ఏడవలేదు. చెమట తుడిచినంత మామూలుగా, కొంగుతో ముఖం ఒకసారి తుడుచుకుని, “సాలు,” అంది. “గిది సాలు నాకు. అప్పు ఎట్లన్న కడుత.”

“కట్టే పనిలేదు. బుక్కు చూపెట్టు.”

గూట్లోంచి బిస్కెట్ల డబ్బా, దాని మీద పుస్తకం తెచ్చి ఇచ్చింది బుచ్చవ్వ. ఆమెకు చదువు రాదు. పుస్తకాన్ని తలకిందులుగా అందించింది.

జమున అక్షరాలు చిన్నవి, వరుస తప్పనివి. సబ్బు పది. కొత్తిమీర ఐదు. వెనక పేజీల్లో పేర్లు, పక్కన లోన్లు. క్లాసు పిల్లలవి. ఎవరి ఆధార్ మీద ఎంత తీశారో, ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడిందో. అన్ని వరుసల చివరా ఒకే ఖాతా. సంపత్‌ది. జమున పేరు మొదట్లోనే ఉంది. ఆరు లక్షల ఇరవై వేలలో తాను తీసుకున్నది పద్దెనిమిది వేలేనని ఎర్ర గీత కొట్టి పెట్టుకుంది. తన లెక్క సరిగ్గా రాసుకుంటూ పోతే, లెక్క నేర్పినవాడి మోసమే బయటపడింది. అందుకే కార్డు తిరిగి అడిగింది. అందుకే చచ్చింది.

మంగళవారం పేజీ తీసింది.

‘అవ్వ మందులు 50. బస్సు: పోను 40, రాను 0.’

మమతారాణి వేలు ఆ సున్నా మీద ఆగింది. రాశాకే మూత తీయాలి. అంటే ఇది బయల్దేరకముందు రాసింది. వచ్చేటప్పుడు చేతిలో కార్డు ఉంటుందని, టికెట్టు ఊరికే వస్తుందని ఆ పిల్లకు మాట ఇచ్చారు. మాట నమ్మి సున్నా రాసుకుంది. రెండో టికెట్టు ఆ మాట తప్పిందని చెబుతోంది. ఎస్సై అడిగిన గట్టి ముక్క ఇదే.

తర్వాతి పేజీలు ఖాళీగా ఉండాలి. అయినా అలవాటుకొద్దీ తిప్పింది. ఖాళీగా లేవు. అక్షరాలు మారాయి, గుండ్రంగా, పెద్దగా ఉన్నాయి. అక్క రాసినట్టే రాయాలని చెల్లెలు పట్టుబట్టి రాస్తోంది. చివరి పేజీలో ఇవాళ్టి తేదీ.

‘బస్సు: పోను 40, రాను 0.’

“అవ్వా, నవీన ఏది?”

“కరీంనగర్ పాయె. సంపత్ సారు ఫోన్ చేసిండు. నీ కార్డు ఇచ్చేస్త, వచ్చి తీస్కపొమ్మన్నడట.”

“ఎన్నింటికి చేసిండు?”

“పదకొండున్నర గాలే ఇంక.”

పదకొండూ ఇరవై ఐదు. మోగని ఫోను. మెట్ల మీద నాలుగు నిమిషాలు. నవీనకు అంతా యాదికుందట అని చెప్పిన నోరు మమతారాణిదే. ఎదురుగా హారన్ కొట్టుకుంటూ దాటిన బస్సులోనే ఆ పిల్ల పోయి ఉంటుంది.

నవీన నంబరు నొక్కింది. నాలుగో రింగుకు ఎత్తారు. గాలి హోరు.

“ఆ, మేడం.”

“ఏడున్నవ్ బిడ్డా?”

“కార్ల మేడం. దుర్శేడు దాటినం, సుల్తానాబాద్ దిక్కే వస్తున్నం. సంపతన్న కార్డు ఇంట్ల మరిచిండట. రిజిస్టర్ల సంతకం గూడ పెట్టినంక సూస్తె లేదు. రాను టికెట్టుకు నా దగ్గర పైసలు లేవు గద, గందుకే ఇంటికాడ కార్డు తీస్కోని ఆయనే దింపుతనన్నడు.”

అదీ మూడు గంటల సంతకం కథ. ముందు సంతకం, తర్వాత మరపు, తర్వాత సాయంత్రం తెచ్చిస్తానన్న దయ. జమునకు జరిగినదంతా ఆమె చెల్లెలు వరుస తప్పకుండా ఒప్పజెబుతోంది.

“ఎవరు నవీనా?” పక్కనుంచి సంపత్ గొంతు. “మేడమా? స్పీకర్ల పెట్టు.”

హోరు పెరిగింది. ఇప్పుడు ఏం మాట్లాడినా ఇద్దరికీ వినబడుతుంది. పారిపో అంటే కదులుతున్న కారులోంచి ఎక్కడికి పారిపోతుంది? తెలిసిపోయిందని అతనికి తెలిస్తే బావి దాకా కూడా ఆగడు. మమతారాణికి ఒక్కటే దారి కనబడింది. అది తన పక్కన కూర్చున్న మనిషి మీదినుంచి పోయే దారి.

“సంపత్, నీతోనే పనుండె,” అంది తేలిగ్గా. “బుక్కు చూసిన. ఏం లేదు. ఉప్పు, పప్పు లెక్కలు. జమునది ఆత్మహత్యే. అప్పులు జేశి, తట్టుకోలేక దూకింది. ఫైలు మూస్తున్న.”

పక్కన చాట కింద పడింది. చుట్టిన బీడీలు చాప మీద చెల్లాచెదురయ్యాయి.

“అట్లనా మేడం,” సంపత్ నిట్టూర్పు వినబడింది. “పాపం. నేను చెప్తనే ఉన్న గద.”

“సాక్షిగ నీ సంతకం ఒకటి కావాలె. సుల్తానాబాద్ బస్టాండ్ల ఉంట. పిల్లను గూడ ఆడనే దింపు.”

“బస్టాండ్ల జనం ఉంటరు మేడం, కారు ఆపనియ్యరు. బాయి కాడికి రాండ్రి. నవీన అక్క పోయిన జాగ ఇంకా సూడలేదట, దండం పెట్టుకుంటదట. లైన్లనే ఉండుండ్రి మేడం, మాట్లాడుకుంట వద్దం.”

కారు బావికి చేరడానికి ఇరవై నిమిషాలు. మహా అయితే ఇరవై రెండు.

బుచ్చవ్వ ఆమె భుజం పట్టుకుని తన వైపు తిప్పింది. “గిప్పుడే గదనే నువ్వన్నది... నా బిడ్డ దూకలే...”

రాసి చూపిద్దామంటే బుచ్చవ్వకు చదువు రాదు. మమతారాణి కళ్లతో బతిమాలింది. తల అడ్డంగా ఆడించింది. బుచ్చవ్వ ఇక ఏ కళ్లనూ నమ్మే స్థితిలో లేదు. గుండెలోంచి గొంతులోకి వస్తున్న కేక ఆమె మెడనరాల్లో కనబడుతోంది. ఆ కేక బయటికొస్తే, అందులో ‘నూకిండ్రు’ అన్న మాట ఉంటే, నవీన ఇక లేదు.

మమతారాణి ఎడమ అరచేత్తో ఆ తల్లి నోరు నొక్కేసింది. తల గోడకు ఆనేదాకా నొక్కింది. బుచ్చవ్వ గోళ్లు ఆమె మణికట్టులో దిగాయి. ఊపిరి వేడిగా, కన్నీళ్లు ఇంకా వేడిగా, అన్నీ ఆ అరచేతిలోకే కారుతున్నాయి. వనజ నంబరు ఆ అరచేతిలోనే ఉంది.

“మేడం,” ఫోనులో సంపత్ గొంతు దగ్గరగా వచ్చింది. “ఏదో సప్పుడస్తుంది. ఎవరన్న ఏడుస్తున్నరా?”

మమతారాణి చెయ్యి సడలించలేదు.

“ఇంకెవలు ఉన్నరు సంపత్,” అంది మెత్తగా. “నేనొక్కదాన్నే.”